ఊరి నీళ్లు – ఊరి లెక్క

ఒక ఊరు ఉందనుకోండి. రాయలసీమలో ఒక మెట్ట ఊరు. రెండు వందల ఇళ్లు. వెయ్యి మంది జనం. ఊరి పక్కన ఒక వాగు, వాగు మీద చిన్న చెరువు. చెరువులో నీళ్లు మూడేళ్లకు ఒకసారి నిండితే గొప్ప. పొలాల్లో 60 బోర్లు ఉన్నాయి. ఊరు బతికేది ఆ బోర్ల మీదే.

ఆ ఊళ్లో ఒక రైతును అందరూ 'మూడు బోర్లాయన' అని పిలిచేవారు. అతనికి నాలుగు ఎకరాల పొలం. మొదటి బోరులో నీళ్లు రెండేళ్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. రెండో బోరు వేశాడు. అందులో దుమ్మే వచ్చింది. టెంకాయ పట్టి నీళ్లు చూసే మనిషిని పిలిపించి మూడో బోరు వేశాడు. అది ఒక పంటకు పారి, రెండో పంటకు ఎండింది. వరి పొట్ట మీద ఉండగా ఎండింది. భార్య మెడలో గొలుసు బ్యాంకుకు చేరింది. వడ్డీ వ్యాపారి దగ్గర పత్రం రాసిచ్చారు.

"ఇంకొక్కటి వేద్దాం. పక్క చేనోళ్లది ఐదు వందల అడుగులు పోయింది. మనం ఆరు వందలు పోదాం" అన్నాడు ఒక రోజు.

"మనం ఆరు వందలు పోతే వాళ్లు ఏడు వందలు పోరా?" అంది భార్య. "పోటీ దేనికి? అసలు కింద నీళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరికన్నా తెలుసా?"

ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. ఊళ్లో ఎవరి దగ్గరా లేదు.

నేల కింద ఏముంది?

చాలామంది నేల కింద ఏరు పారుతుందని అనుకుంటారు. అది నిజం కాదు. రాయలసీమలో, తెలంగాణలో ఎక్కువ భాగం నేల కింద గట్టి రాయి ఉంది. పైన కొంత మట్టి, దాని కింద మెత్తబడిన రాయి, దాని కింద పగుళ్లున్న రాయి. నీళ్లు ఆ మెత్తని రాయిలోనూ, ఆ పగుళ్లలోనూ నిలుస్తాయి. అంతకంటే లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అందుకే లోతుకు పోయినంత మాత్రాన నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు.

ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? వాన నుంచే. పడిన వానలో కొంత ఆవిరైపోతుంది. కొంత చెట్లు, పైర్లు తాగుతాయి. కొంత వాగులో పడి పోతుంది. లోపలికి ఇంకేది కొంచెమే. ఇలాంటి రాతి నేలల్లో అది సుమారు పదో వంతు. ఒక్కోచోట అంతకంటే తక్కువే.

పొలానికి గట్టు ఉంది. కింద నీళ్లకు గట్టు లేదు. ఒకరి బోరు గట్టిగా తోడితే పక్కవారి బోరు నీరసిస్తుంది. ఇంటికి ఒక చెంబు పట్టుకుని అందరూ ఒకే కుండలో నీళ్లు ముంచుకున్నట్టు ఉంటుంది. కుండలో ఎన్ని ఉన్నాయో చూడకుండా ముంచితే ఎవరి చెంబూ నిండదు.

కాబట్టి నీళ్ల విషయంలో ఒక్కరి నిర్ణయం చాలదు. పదిమంది కలిసి నిర్ణయించుకోవాలి. కలిసి నిర్ణయించాలంటే అందరికీ ఒకే లెక్క కనపడాలి. ఆ ఊరు ఆ లెక్క ఎలా నేర్చుకుందో చదవండి.

మొదటి పని: ముగ్గుతో పటం

ఒక ఆదివారం పొద్దున రామాలయం ముందు అందరూ కూడారు. స్వచ్ఛంద సంస్థ కార్యకర్త ఒకరు వచ్చారు. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక డబ్బా ముగ్గుపిండి, కొంచెం పసుపు, కుంకుమ, బొగ్గుపొడి కింద పెట్టి, "మీ ఊరిని మీరే గీయండి" అన్నారు.

మొదట మగవాళ్లు గీశారు. రోడ్డు, గుడి, బడి, పొలాలు గీశారు. ఆగిపోయారు.

సంఘం అక్క లేచి, "తాగే నీళ్ల బోరు ఏదన్నా? దాన్ని మరిచిపోయినారే!" అంది. నీళ్లు మోసేది ఆడవాళ్లు. అందుకే ఆమెకు ముందు అది గుర్తొచ్చింది. ఆమె చేత్తోనే అక్కడ పసుపు చుక్క పెట్టింది.

మేకలు కాసే పెద్దయ్య కర్ర ఆనించి వంగి చూశాడు. "వాగు ఇట్లా పోదు నాయనా. గుట్ట వెనక నుంచి వస్తుంది. అక్కడ ఒక పాత కుంట ఉండె. పూడిపోయింది" అన్నాడు. ఆ కుంట సంగతి ఊళ్లో సగం మందికి తెలియదు. అతనికి సెంటు భూమి లేదు. కానీ ఊరి నీళ్ల దారి అతనికే బాగా తెలుసు.

మధ్యాహ్నానికి పటం పూర్తయింది. నీళ్లున్న బోర్లకు తెల్ల చుక్కలు, ఎండిన బోర్లకు నల్ల చుక్కలు పెట్టారు. తెల్ల చుక్కలు 60. నల్ల చుక్కలు లెక్కపెడితే 85!

ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ప్రతి ఇంటికీ తన నష్టం తెలుసు. ఊరి మొత్తం నష్టం ఎంతో అందరూ కలిసి చూసింది ఆ రోజే.

ఆ పటాన్ని టీచరమ్మ పెద్ద కాగితం మీదికి ఎక్కించింది. అది పంచాయతీ ఆఫీసు గోడకు చేరింది.

రెండో పని: కొలతలు

పటం చూస్తే ఎక్కడ ఏముందో తెలుస్తుంది. ఎంత ఉందో తెలియాలంటే కొలవాలి. ఆ ఊరు మూడు కొలతలు మొదలుపెట్టింది.

1. వాన కొలత. బడి ఆవరణలో వాన కొలిచే డబ్బా పెట్టారు. వాన పడిన మర్నాడు పొద్దున 8:30 గంటలకు ఎంత పడిందో చూసి రాయాలి. వానను మిల్లీమీటర్లలో చెబుతారు. ఒక చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు పడినట్టు. ఒక ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. అంటే ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్లు!

2. బోరులో నీటి మట్టం. కొన్ని బోర్లను ఎంచుకున్నారు. పదిహేను రోజులకు ఒకసారి వాటిలో టేపు దింపుతారు. టేపు కొసన చిన్న పరికరం ఉంటుంది. అది నీటిని తాకగానే కీచుమని మోగుతుంది. అప్పుడు టేపు మీద ఎన్ని అడుగులో చూసి రాసుకోవాలి. అంకె పెరిగితే నీళ్లు కిందికి పోయినట్టు. అంకె తగ్గితే నీళ్లు పైకి వచ్చినట్టు.

3. బోరు పోసే నీళ్లు. దీనికి ఒక డ్రమ్ము, ఒక గడియారం చాలు. 200 లీటర్ల డ్రమ్మును పైపు కింద పెట్టారు. ఒక బోరు దాన్ని 100 సెకన్లలో నింపింది. అంటే సెకనుకు 2 లీటర్లు. గంటకు 7,200 లీటర్లు. రోజుకు 7 గంటలు మోటారు నడిస్తే 50,400 లీటర్లు.

ఈ కొలతలు రాసే పని ఎవరికి ఇవ్వాలి అన్న మాట వచ్చింది. మూడు బోర్లాయన భార్య చెయ్యెత్తింది. ఆమె రాత్రి చదువుల కేంద్రంలో చదువు నేర్చుకుంది. అంకెలు బాగా రాస్తుంది.

"నీకేం తెలుసు బోర్ల సంగతి వదినా?" అని ఒక కుర్రవాడు నవ్వాడు.

"మూడు బోర్లకు నా గొలుసు పోయింది. నాకు కాక ఎవరికి తెలుసు?" అంది ఆమె. నవ్విన కుర్రవాడే తర్వాత ఆమెతో పాటు టేపు పట్టుకుని తిరిగాడు.

కొలిచిన ప్రతి అంకెనూ పంచాయతీ గోడ మీద నల్లబోర్డులో రాశారు. నోటు పుస్తకంలో దాచిపెట్టలేదు. దారిన పోయేవాళ్లందరూ చదివారు. చదవడం రానివారు చదివించుకున్నారు.

మూడో పని: జమా ఖర్చు

జూన్‌లో మొదలైన వానలు అక్టోబరు చివరికి నిలిచాయి. రబీ పంట వేయక ముందే ఊరు మళ్లీ కూడింది. ఇంటి ఖర్చుకు జమా ఖర్చు రాసినట్టే నీళ్లకూ రాశారు.

ముందు జమ చూశారు.

ఊరి వాగులోకి నీళ్లు చేరే నేల అంతా 2,000 ఎకరాలు. ఆ ఏడు వాన 500 మిల్లీమీటర్లు. ఎకరం మీద పడినవి 500 × 4,000 = 20 లక్షల లీటర్లు. 2,000 ఎకరాల మీద పడినవి 400 కోట్ల లీటర్లు.

"నాలుగు వందల కోట్లా! ఇక మనకేం తక్కువ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"పడినవన్నీ మనవి కావు. పదో వంతే లోపలికి పోయింది" అని కార్యకర్త గుర్తుచేశారు.

400 కోట్లలో పదో వంతు 40 కోట్ల లీటర్లు. పోయిన ఎండాకాలానికే బోర్లు అడుగంటాయి కాబట్టి పాత నిల్వ ఏమీ లేదు. జమ 40 కోట్లే.

తర్వాత ఖర్చు చూశారు.

వానాకాలం పంటకు వాన తప్పినప్పుడల్లా బోర్లు నడిపారు. 60 బోర్లూ కలిసి రోజుకు సుమారు 30 లక్షల లీటర్లు తోడతాయి. 46 రోజులు నడిపారు. సుమారు 14 కోట్లు అయిపోయాయి.

జనానికి, పశువులకు ఏడాది పొడుగునా తాగే నీళ్లు కావాలి. మనిషికి రోజుకు 55 లీటర్లు అనుకుంటే వెయ్యి మందికి ఏడాదికి 2 కోట్ల లీటర్లు. పశువులతో కలిపి 3 కోట్లు పక్కన పెట్టారు. "ఇది ఎవరూ ముట్టగూడదు" అని సంఘం అక్క గట్టిగా చెప్పింది.

40 లోంచి 14, 3 తీసేస్తే మిగిలింది 23 కోట్ల లీటర్లు. రబీకి ఉన్నది అంతే.

ఇప్పుడు ఒక్కొక్క రైతూ లేచి ఏ పంట వేయాలనుకుంటున్నాడో చెప్పాడు. వరి 60 ఎకరాలు, వేరుశనగ 40 ఎకరాలు అని తేలింది. వరికి 1,200 మిల్లీమీటర్లు, వేరుశనగకు 500 మిల్లీమీటర్లు నీళ్లు కావాలని లెక్క వేసుకున్నారు.

వరి ఎకరానికి 48 లక్షల లీటర్లు. 60 ఎకరాలకు 28 కోట్ల 80 లక్షలు.
వేరుశనగ ఎకరానికి 20 లక్షల లీటర్లు. 40 ఎకరాలకు 8 కోట్లు.
మొత్తం 36 కోట్ల 80 లక్షలు.

ఉన్నది 23 కోట్లు. కావలసింది 36 కోట్ల 80 లక్షలు. లోటు 13 కోట్ల 80 లక్షల లీటర్లు.

మూడు బోర్లాయన భార్య పలక మీద ఇంకో లెక్క వేసింది. రోజుకు 30 లక్షల చొప్పున తోడితే 23 కోట్లు ఎన్ని రోజులు వస్తాయి? సుమారు 76 రోజులు.

ఆమె ఆ అంకెను గట్టిగా చదివింది. "డెబ్బై ఆరు రోజులకు మోటార్లు గాలి తోడతాయి. అప్పటికి వరి ఏ దశలో ఉంటుంది?"

చెప్పనక్కర్లేదు. పొట్ట దశలో ఉంటుంది. ఆమె భర్త తలొంచుకున్నాడు. పోయిన ఏడు తన మడిలో జరిగింది అదే.

నాలుగో పని: మాట్లాడుకోవడం

లెక్క తేలింది. కానీ లెక్క నిర్ణయం చేయదు. మనుషులే చేయాలి. అసలు కష్టం అక్కడే మొదలైంది.

చెరువు కింద పెద్దరైతుకు ఎనిమిది ఎకరాల వరి. ఆయన లేచి, "నా బోరు, నా కరెంటు, నా పొలం. నన్ను వరి వేయొద్దనడానికి మీరెవరు?" అన్నాడు.

"వద్దని ఎవరూ అనలేదు మామా. ఉన్న నీళ్లెన్నో చూసి నువ్వే చెప్పు అంటున్నాం" అన్నాడు మూడు బోర్లాయన.

"వరి మడిలో పెట్టిన నీళ్లు మళ్లీ లోపలికే ఇంకుతాయి కదా? అవి యాడికి పోతాయి?"

మంచి ప్రశ్నే. కార్యకర్త ఒప్పుకున్నారు. కొంత నీరు మళ్లీ కిందికి పోతుంది, వివరంగా లెక్క వేసేటప్పుడు దాన్నీ జమలో కలపాలి అన్నారు. కానీ ఎండకు ఆవిరైనది, పైరు తాగినది తిరిగి రాదు. అలా కిందికి పోయిన నీరు కూడా ఆ పంట అందుకునే సమయానికి వస్తుందన్న పూచీ లేదు.

ఇంకో రైతు, "వరికైతే సర్కారు కొనే రేటుంది. మిగతా పంటలు పండిస్తే కొనేవాడెవరు?" అని అడిగాడు. ఇదీ మంచి ప్రశ్నే. దీనికి ఎవరి దగ్గరా పూర్తి జవాబు లేదు. పదిమంది కలిసి ఒకే బండిలో వేరుశనగ మార్కెట్టుకు తోలితే బేరమాడే బలం ఉంటుందని కొందరన్నారు. విత్తన కాయ కింద అమ్మవచ్చని కొందరన్నారు.

ఒక ముసలమ్మ, "పిల్లలకు ఇంట్లో బువ్వ గింజలు వద్దా? వరి పూర్తిగా మానేస్తే ఎట్లా?" అంది. ఆ మాటతో వరి మొత్తం మానాలన్న ఆలోచన పోయింది. తిండికి సరిపడా ఎంత, అమ్మకానికి ఎంత అని మాట తిరిగింది.

గొంతు పెద్దదైన వాళ్లే మాట్లాడుతుంటే చిన్న రైతుల మాట వినపడడం లేదు. అప్పుడు టీచరమ్మ చింతగింజలు తెచ్చింది. నేల మీద నాలుగు గీతలు గీసి నాలుగు గళ్లు చేశారు. ఒక గడిలో 'ఇప్పుడున్నట్టే పోదాం', ఒక గడిలో 'వరి పూర్తిగా మానేద్దాం', ఒక గడిలో 'వరి తగ్గించి ఆరుతడి పంటలు పెంచుదాం', ఒక గడిలో 'కొత్త బోర్లు వేద్దాం' అని బొమ్మలతో గుర్తులు పెట్టారు. మనిషికి ఐదు గింజలు. ఎవరికి నచ్చిన గడిలో వాళ్లు వేయాలి. ఎనిమిది ఎకరాల వాళ్లకూ ఐదే. భూమి లేని మేకల పెద్దయ్యకూ ఐదే.

గింజలు లెక్కపెడితే మూడో గడి నిండిపోయింది. కొత్త బోర్ల గడిలో నాలుగే గింజలు ఉన్నాయి.

గింజలు వేయడంతో పని అయిపోలేదు. ఎవరెవరు ఎంత తగ్గిస్తారో ఇంటింటికీ అడిగి రాశారు. చివరికి ఇలా తేలింది.

వరి 10 ఎకరాలు: 4 కోట్ల 80 లక్షల లీటర్లు.
వేరుశనగ 70 ఎకరాలు: 14 కోట్లు.
పెసర, అలసంద వంటి తక్కువ నీటి పంటలు 20 ఎకరాలు, ఎకరానికి 12 లక్షల చొప్పున: 2 కోట్ల 40 లక్షలు.
మొత్తం 21 కోట్ల 20 లక్షలు.

పొలం అదే నూరు ఎకరాలు. ఒక్క ఎకరం కూడా బీడు పెట్టలేదు. పైగా 1 కోటి 80 లక్షల లీటర్లు మిగులు!

ఇంకో రెండు మాటలు కూడా రాసుకున్నారు. ఆ ఏడు ఎవరూ కొత్త బోరు వేయకూడదు. పెద్దయ్య చూపిన పాత కుంట పూడిక ఉపాధి పనిలో తీయించాలి. అందరూ సంతకాలు పెట్టారు. కొందరు జీవితంలో మొదటిసారి ఊరి తీర్మానం కింద సంతకం పెట్టారు.

ఆ ఏడు ఏం జరిగింది?

అందరూ మాట నిలబెట్టుకున్నారా? లేదు. చెరువు కింద పెద్దరైతు ఒప్పుకున్న దానికంటే మూడు ఎకరాలు ఎక్కువ వరి వేశాడు. ఎవరూ ఆయన మడి మీదికి పోలేదు. జరిమానా వేయలేదు. బోర్డు మీద మాత్రం రాశారు. వరి 13 ఎకరాలు, వేరుశనగ 67 ఎకరాలు. ఖర్చు 84 లక్షల లీటర్లు పెరిగింది. మిగులు 96 లక్షలకు తగ్గింది.

ఆయన ఆ బోర్డు ముందు నుంచే రోజూ టీ కొట్టుకు పోవాలి. నెల రోజులు చూడనట్టు పోయాడు. తర్వాత ఒక రోజు ఆగి, "ఈ వారం మట్టం ఎంతమ్మా?" అని అడిగాడు.

మార్చి వచ్చింది. పోయిన ఏడు మార్చిలో తాగే నీళ్లకు ట్యాంకరు వచ్చింది. ఈ ఏడు రాలేదు. ఏప్రిల్లోనూ రాలేదు. బోర్లలో నీళ్లు కిందికి దిగాయి గాని ఆగిపోలేదు.

మూడు బోర్లాయన వేరుశనగ వేశాడు, పక్క చేనాయన బోరు నుంచి వాటాకు నీళ్లు తీసుకుని. కాయ ఇంటికి వచ్చింది. పాత అప్పు తీరలేదు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. కానీ నాలుగో బోరు అప్పు నెత్తిన పడలేదు.

"నిన్ను ఇంక ఏమని పిలవాలి?" అని ఎవరో అడిగితే, "మూడు బోర్లాయన అనే పిలవండి. నాలుగు అనకుంటే చాలు" అని నవ్వాడు.

ఇది ఒట్టి కథేనా?

ఈ ఊరు, ఈ మనుషులు, ఇక్కడి అంకెలు పాఠం కోసం ఊహించినవి. కానీ ఇలాంటి పని నిజంగానే జరిగింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం ఒకటి మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో ఇది నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఇక్కడి స్వచ్ఛంద సంస్థలు కలిసి దీన్ని నడిపించాయి. రైతులు, ఆడవాళ్లు కూడా, వాన కొలిచారు. బోర్ల మట్టం కొలిచారు. రబీకి ముందు పంటల నీటి లెక్క వేశారు. ఒకే వాగు కింది ఊళ్లన్నీ కలిసి కూర్చున్నాయి. ఫలానా పంట వేయకూడదని ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క చూసి ఎవరి నిర్ణయం వారే చేసుకున్నారు. చాలా చోట్ల వరి తగ్గింది, తక్కువ నీటి పంటలు పెరిగాయి. పథకం ముగిశాక కొన్ని చోట్ల కొలతలు ఆగిపోయాయి. కొలత ఆగితే లెక్క ఆగుతుంది. లెక్క ఆగితే మళ్లీ పోటీ మొదలవుతుంది.

మహారాష్ట్రలో హివ్రే బజార్ అనే ఊరు ఉంది. అక్కడ వానలు తక్కువ. పోపట్‌రావ్ పవార్ సర్పంచ్‌గా ఉండగా ఊరు కలిసి గుట్టల మీద కందకాలు తవ్వింది. సాగు కోసం బోర్లు వేయకూడదని, చెరకు వంటి ఎక్కువ నీళ్లు తాగే పంటలు వేయకూడదని కట్టడి చేసుకుంది. ఏటా వానలయ్యాక గ్రామసభలో నీటి లెక్క వేస్తారు. వాన తక్కువైన ఏడు రెండో పంట తగ్గిస్తారు. 2020లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అదే రాష్ట్రంలో 1970లలో విలాస్‌రావ్ సాళుంఖే 'పానీ పంచాయతీ' నడిపారు. అక్కడ నీటి వాటా భూమిని బట్టి కాదు, ఇంట్లో మనుషులను బట్టి ఇచ్చారు. భూమి లేనివారికి కూడా వాటా ఉంది.

కాలువలు, చెరువుల కింద కూడా రైతుల మాట ఉండాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ఒక చట్టం వచ్చింది. దాని కింద పది వేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. 2002లో వాల్టా చట్టం వచ్చింది. నీరు, నేల, చెట్టు కాపాడడానికి అది పుట్టింది. కొత్త బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలని ఆ చట్టం చెబుతుంది.

చట్టం కాగితం మీద ఉంటుంది. బోరు పొలంలో ఉంటుంది. రెంటినీ కలిపేది ఊరి సభ.

గుర్తుంచుకోండి

1. నేల కింది నీళ్లు అందరివీ. గట్టు లేని ఆస్తి అది.
2. ముందు పటం, తర్వాత కొలత, తర్వాత లెక్క, ఆ తర్వాతే నిర్ణయం.
3. తాగే నీళ్లు ముందు పక్కన పెట్టాలి. మిగిలినవే పంటకు.
4. ఆడవాళ్లు, భూమి లేనివాళ్లు, చిన్న రైతులు సభలో ఉండాలి. వాళ్లకు తెలిసింది వేరేవాళ్లకు తెలియదు.
5. లెక్క గోడ మీద ఉండాలి. అందరూ చదివే లెక్కను దాచలేరు, మార్చలేరు.

కొత్త మాటలు

భూగర్భ జలం: నేల కింద ఉండే నీరు
నీటి మట్టం: బోరులో గాని బావిలో గాని నీరు కనపడే లోతు
ఆరుతడి పంట: మడిలో నీరు నిలపకుండా, తడికీ తడికీ మధ్య ఆరబెట్టి పండించే పంట
పరివాహక ప్రాంతం: ఒక వాగులోకి వాననీరు చేరే నేల అంతా
తీర్మానం: సభలో అందరూ కలిసి చేసి రాసుకున్న నిర్ణయం

లెక్క చేయండి

1. మీ ఊళ్లో ఒక బోరు 200 లీటర్ల డ్రమ్మును 50 సెకన్లలో నింపింది. సెకనుకు ఎన్ని లీటర్లు? గంటకు ఎన్ని?
2. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడింది. ఎన్ని లీటర్లు పడినట్టు?
3. ఒక ఎకరం వరికి పెట్టే నీళ్లతో ఎన్ని ఎకరాల తక్కువ నీటి పంట పండించవచ్చు? పాఠంలోని అంకెలు చూసి చెప్పండి.

మాట్లాడుకోండి

1. మీ ఊరి పటం ముగ్గుతో గీయండి. ఎండిన బోర్లు ఎన్ని? వాటికి అయిన ఖర్చు ఎంత?
2. పెద్దరైతు "నా బోరు, నా పొలం" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఎంత? మీరైతే ఏం జవాబు చెబుతారు?
3. మాట తప్పిన వారికి జరిమానా వేయాలా? బోర్డు మీద రాస్తే చాలా? మీ కేంద్రంలో చర్చించండి.
4. మీ ఊళ్లో వాన కొలిచే పని, మట్టం రాసే పని ఎవరు చేయగలరు? వాళ్ల పేర్లు మీ పుస్తకంలో రాయండి. మీ పేరు కూడా రాయండి.